రెండేళ్ల పంట

పోయిన వారం మంగళవారం సాయంత్రం ఐదుంపావుకు మా చెల్లెలి మనవరాలు తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, అందులో ఉన్న పట్టిక చదివి ఏది మంచిదో చెప్పమంది. ఈ యేడు పీయూసీ ముగించిన ఆ పిల్లకు నర్సు కావాలని, అదీ ఆస్ట్రేలియాలో చదివి కావాలని పట్టుదల. నేను కళ్లద్దాలు పెట్టుకుని పట్టికను రెండుసార్లు చదివాను. పరదేశపు పిల్లల కోసం అక్కడ ఇన్ని దారులు పరిచి ఉంటారని నాకు తెలియదు. ఇంగ్లీషు చాలనివాళ్లకు ముందుగా భాష తరగతులు, మార్కులు తగ్గినవాళ్లకు ఒక ఏడాది సన్నాహక చదువు, ముసలివాళ్లను చూసుకునే పనికి ఒక సర్టిఫికెట్టు, నర్సింగులో ఏడాదిన్నర డిప్లొమా, అదే నర్సింగులో మూడేళ్ల డిగ్రీ. డిప్లొమా వరుసకు ఎదురుగా కన్సల్టెన్సీవాళ్లు పచ్చటి గుర్తు పెట్టి ఇచ్చారు.

"ఏడాదిన్నరకే పని దొరుకుతాదంట అవ్వా. డిగ్రీ అయితే మూడేండ్లు కూచోవాల. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు" అంది.

నా వేలు ఆ రెండు వరుసల దగ్గరే ఆగిపోయింది. నేను ఆ పిల్ల కంటే మూడేళ్లు పెద్దగా ఉన్నప్పుడు నా ముందుకు వచ్చిన కాగితంలో రెండేళ్లు, మూడేళ్లు అని ఉండింది. అంతే తేడా.

మా నాయన బళ్లారి పక్కనున్న హగరి వ్యవసాయ ఫారంలో పొలం మేస్త్రీ. అక్కడి మళ్లలో పత్తి, జొన్న రకరకాల విత్తనాలు వేసి, ఏది ఎన్ని రోజులకు కోతకొస్తుందో చూసేవాళ్లు. ప్రతి మడి గట్టున ఒక కొయ్యకు పలక కట్టి, దాని మీద విత్తిన తేదీ రాయడం నాయన పని. ఆయనకు తెలుగు తప్ప మరో భాష చదవడం రాదు, కానీ తేదీ తప్పు రాసిన రోజు లేదు. నాకు అక్షరాల కంటే ముందు తేదీలు అలవాటయింది ఆ పలకల దగ్గరే. ఇప్పటికీ ఏటేటా ఒక డైరీ కొని, ఏ రోజుది ఆ రోజు రాసుకుంటాను. ఇందులో రాసే తేదీలన్నీ వాటిలోనుంచి తీసినవే, ఒక్కటి తప్ప. దాని సంగతి చివర చెబుతాను.

బళ్లారిలో నేను చిన్న పనులు చేస్తూ ఉండిన ఆసుపత్రి డాక్టరమ్మ, ఒకనాడు నన్ను పిలిచి ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చుకాగితం ఇచ్చింది. అక్కడి ఆసుపత్రులలో నర్సులు చాలక బయటి దేశాల ఆడపిల్లలను చేర్చుకుని, తిండి, వసతి చూసుకుని పని నేర్పుతున్నారని, దారి ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారని అందులో ఉంది. రెండేళ్ల శిక్షణ ఒకటి, మూడేళ్లది ఒకటి. పీయూసీ పాసైనదాన్ని కాబట్టి దేనికైనా అర్హత ఉంది. ఆ కాగితం పట్టుకుని ఇంటికి పోయి నాయనకు చదివి వినిపించాను. అమ్మ లోపలినుంచి, అంత దూరం పోయి ఎవరివో ఒళ్లు తుడిచేదానికి ఈడ రోగులు లేరా అని గొణుగుతూనే ఉంది.

"మూడేండ్లంటే నడమ వాన ఎత్తేస్తే ఏం జేస్తావు పాపా? రెండేండ్లదైతే జల్దీ కోతకొస్తాది" అన్నాడు నాయన చివరికి.

మా నేలలో వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు కనుక, తొందరగా చేతికొచ్చే పంటే తెలివైన పంట. ఆయన ముప్పై ఏళ్లుగా చూసినది అదే, రైతులకు చెప్పినదీ అదే. మాకు ఇద్దరికీ అందులో అనుమానమే కలగలేదు. ఆ రెండు చదువులకూ చివర ఇచ్చే కాగితాలు ఒకటేనా, ఏది ఏ దేశంలో చెల్లుతుంది అని అడగాలని ఆయనకూ తట్టలేదు, ఇంగ్లీషు చదివిన నాకూ తట్టలేదు.

సెప్టెంబరులో వెళ్లాను. ఇంగ్లండు ఉత్తర భాగంలో ఒక మిల్లుల ఊరు. వెళ్లిన మొదటి వారమే నాయనకు రాసిన జాబులో, ఇక్కడ వాన పడని రోజు లేదని, గొడుగు లేకుండా గడప దాటలేమని రాశాను. పని కష్టమే గానీ నాకు నచ్చింది. పరుపు మీద ఒక్క ముడత లేకుండా దుప్పటి పరచడం, నాడి చూసి అంకె రాయడం, మందు ఇచ్చిన నిమిషం రాయడం, ఇవన్నీ హగరి పలకల వంటివే కదా. అయితే మూడేళ్లవాళ్లను వారం వారం తరగతికి పంపి పెద్ద పెద్ద పుస్తకాలు చదివిస్తుంటే, మమ్మల్ని ఎక్కువగా వార్డులోనే ఉంచేవాళ్లు. కొత్తవాళ్లం కాబోలు అనుకున్నాను.

ఫిబ్రవరి మూడో తేదీ, శనివారం. మూడేళ్ల చదువులో ఉన్న కేరళ అమ్మాయి ఒకతె, నాతో కలిసి టీ తాగుతూ, నేను ఊరికి పోయి ఏం చేస్తానని అడిగింది. మా బళ్లారి ఆసుపత్రిలో నర్సునవుతానంటే కప్పు కింద పెట్టేసింది. రెండేళ్లవాళ్లు ఇక్కడ కూడా పూర్తి నర్సుల కింద రెండో వరుసలో ఉంటారని, మన దేశంలో ఆ కాగితానికి నర్సుగా పేరు నమోదు చేయరని, పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. సోమవారం పొద్దున్నే మేట్రన్ దగ్గరికి పోయాను. ఆవిడ నా మార్కులు చూసి, మార్చిలో మొదలయ్యే మూడేళ్ల బ్యాచ్‌లో ఒక చోటు ఉందని, గడిచిన నెలలు లెక్కలోకి రావని, మారదలచుకుంటే ఇరవై ఎనిమిదో తేదీ బుధవారం సాయంత్రంలోగా సంతకం పెట్టమని చెప్పారు.

మన తరంవాళ్లకు విదేశాలకు జాబులు రాసే ఆ నీలిరంగు ఏరోగ్రాం కాగితం గుర్తుండే ఉంటుంది. ఆ రోజే, ఐదో తేదీన, మూడు మడతల్లోనూ ఖాళీ వదలకుండా అంతా రాసి, గడువు తేదీ కింద రెండు గీతలు గీసి పోస్టు చేశాను. జాబు ఇంటికి చేరడానికి పదకొండు రోజులు, జవాబు రావడానికి పదకొండు. పదహారున అందుతుంది, అదే రోజు రాస్తే ఇరవై ఏడున నాకు వస్తుంది. ఒక రోజు మిగులుతుంది. టెలిగ్రాం ఇవ్వవలసింది కదా అని మీరు అనవచ్చు. మా ఇళ్లలో టెలిగ్రాం అంటే ఎవరో పోయారనే అర్థం, విప్పకముందే అమ్మ పడిపోయేది. అడగకుండా సంతకం పెట్టవలసింది కదా అనవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చినా, మూడేళ్ల పైచిలుకు ఇల్లు విడిచి ఉండే మాట నాయనకు చెప్పకుండా నిర్ణయించడం నాకు చేతకాలేదు.

ఇరవై ఏడున జాబు రాలేదు. ఇరవై ఎనిమిదిన పని దిగి మేట్రన్ గది బయటి కుర్చీలో కూచున్నాను. ఐదు గంటలకు ఆవిడ కోటు వేసుకుని బయటికి వచ్చి, నన్ను చూసి ఆగి, జాబు వచ్చిందా అని అడిగారు. లేదన్నాను. చదివేది నువ్వు కదమ్మా అన్నారు. ఆవిడ ఇంకొక నిమిషం నిలబడి, తాళం వేసుకుని వెళ్లిపోయారు.

జాబు మార్చి మూడున, శనివారం వచ్చింది. మళ్లీ ఖాళీ వచ్చేసరికి ఆ మేట్రన్ లేరు, కొత్తావిడ రెండేళ్లు ముగించాక చూద్దామన్నారు, ముగించేసరికి నేను ఉండడానికి ఇచ్చిన గడువూ ముగిసింది. తిరిగి వచ్చాక బళ్లారిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ముప్పై నాలుగేళ్లు సహాయకురాలిగా పనిచేశాను. కొత్తగా వచ్చిన పిల్లలకు సూది వేయడం నేనే నేర్పేదాన్ని. వార్డు రిపోర్టు నేనే రాసేదాన్ని. కింద సంతకం మాత్రం ఆ పిల్లలదే.

ఇక పోయిన వారం సంగతికి వస్తాను. బుధవారం మా చెల్లెలి కొడుకు, అంటే పిల్ల తండ్రి, అన్నానికి ఇంటికి వచ్చాడు. చెల్లెలు పోయాక నేను ఉంటున్నది వీళ్ల దగ్గరే. అతనికి ఊళ్లో జీన్స్ ప్యాంట్లు కుట్టించే చిన్న యూనిట్ ఉంది.

"సుమ్నే, ఊరికే తొందర ఎందుకు పెద్దమ్మా? మా దోస్తు బామ్మర్ది ఆడనే ఉండాడు. దోస్తు సోమవారం ఊరినించి వస్తాడు. ఒక మాట అడిగి చెప్తా" అన్నాడు.

"గడువు శుక్రవారం గదప్పా?"

"వాళ్లు అట్లే బెదిరిస్తాంటారు లే."

"ప్యాంటుకి జిప్పు కొనేదానికి గూడా ఆ దోస్తు మామనే అడుగుతాడవ్వా" అంది పిల్ల, నాకు వడ్డిస్తూ. అతను నవ్వి, మజ్జిగ పోసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మూడు రోజులు.

గురువారం పొద్దున ఏడు గంటలకు పిల్లను పక్కన కూచోబెట్టుకుని, ఆ కాలేజీవాళ్లకే నేరుగా రాయించాను. ఈ రెండింటిలో ఏది చదివితే పూర్తి నర్సుగా పేరు నమోదు చేస్తారు, ఆ కాగితం మా దేశంలో చెల్లుతుందా అని, రెండే ప్రశ్నలు. ఏడూ నలభై ఐదుకు జవాబు వచ్చింది. డిప్లొమావాళ్లు పూర్తి నర్సుల అజమాయిషీలో పనిచేసే రెండో వరుస అట. పూర్తి నర్సు కావాలంటే డిగ్రీయే చదవాలట. మన దేశం సంగతి మన దేశంలోనే అడిగి తెలుసుకొమ్మన్నారు. నేను ఇరవై రెండు రోజులు లెక్క వేసుకున్న జవాబుకు, ఆ పిల్లకు పట్టినది నలభై ఐదు నిమిషాలు.

అయినా తండ్రి మాత్రం దోస్తు వచ్చాకే అన్నాడు. అప్పుడు నేను నా పెట్టె తెరిచి, ఇంతవరకు ఎవరికీ చూపని నాయన జాబు తెచ్చి అతని చేతికిచ్చాను. తాత దస్తూరీ అతను అదే మొదటిసారి చూడడం. పైకే చదివాడు.

"పాపకు నాయన రాసేది. నీ జాబు శుక్రవారం వచ్చె. ఫారం ఆఫీసరయ్య క్యాంపుకు పోయిండె. ఆయన్ని అడగంది రాసేది ఎట్లా అని ఆగితి. ఈ పొద్దు మంగళవారం ఆయన వచ్చె, అడిగి రాస్తాండా. నువ్వు మూడేండ్లదే చదువు. జల్దీ కోతకొచ్చే పంట మన నేలకు చెప్పిన మాట. ఆడ వానకు కొదవ లేదని నువ్వే రాస్తివి గదా."

జాబు వెనుక నేను పెన్సిలుతో రాసుకున్న తేదీ, మార్చి మూడు, ఇంకా చెరిగిపోలేదు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది గడువని చెప్పాను. అతను శుక్రవారం, శనివారం అంటూ వేళ్లు మడిచి, నాలుగో వేలి దగ్గర ఆగాడు.

"నాలుగు దినాలు" అన్నాడు. కొంచెంసేపు జాబు మడతలు సరిచేస్తూ కూచున్నాడు. "తాతకు తెలుసునా పెద్దమ్మా?"

తెలియదన్నాను.

"ఆ మూడేండ్లదే పంపించు పాపా. వాణ్ని తర్వాత అడుగుతాంలే" అన్నాడు కూతురితో. తొమ్మిదీ ఇరవైకి దరఖాస్తు వెళ్లింది. సోమవారం దోస్తు వచ్చి, మూడేళ్లదే మంచిదని చెప్పాడట.

నేను ఇంగ్లండు నుంచి వచ్చిన రోజు, హగరి స్టేషనులో దిగి ఇంటికి నడుస్తుంటే, నాయన నా పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు పోతూ, వెనక్కి తిరగకుండానే, "నా జాబు టయానికి అందిందా పాపా?" అని అడిగాడు. అందింది నాయనా, నాకే తొందరగా ఇంటికి రావాలనిపించింది అన్నాను. ఆయన నడక తేలికపడినట్టు అనిపించింది. ఆ తర్వాత ఫారంలో కనపడినవాళ్లందరికీ, నా బిడ్డ ఇల్లు విడిచి ఉండలేక రెండేండ్లకే వచ్చేసింది అని చెప్పుకునేవాడు. ఆయన నా డైరీలు ఇష్టంగా తిప్పి చూస్తాడని నాకు ముందే తెలుసు. అందుకే బయలుదేరే ముందు రోజు, మార్చి మూడో పేజీలో ఉన్న వాక్యాన్ని చదవడానికి వీల్లేకుండా కొట్టేసి, ఫిబ్రవరి ఇరవై ఏడో పేజీలో "నాయన జాబు అందింది" అని రాశాను.

ఇప్పుడు అడిగేదీ చెప్పేదీ క్షణాల మీద. ఎవరి జాబు ఏ రోజు అందిందో ఫోనే చూపిస్తుంది, ఆ తేదీని మార్చి రాయడం ఎవరి తరమూ కాదు. మొన్న ఆ పాత డైరీ తీసి దిద్దుదామని పెన్ను పట్టుకున్నాను. నాయన పోయి ఇరవై ఆరేళ్లయింది, చూసి నొచ్చుకునేవాళ్లు లేరు. చాలాసేపు ఆ పేజీ ముందు కూచుని, పెన్ను మూసేసి, డైరీని మళ్లీ దాని చోట పెట్టేశాను.