పైడన్న బాగుందన్న మైనం

వాసనలు అమ్ముకుని బతుకుతానని ముత్యాలు చెప్పిన రోజున సోనేపూర్‌లో నవ్వనివాళ్ళు లేరు. ఒడిశా ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే ఊరది. వీధి మొదట్లో అడుగు పెడితే చాలు, ఎండు నెత్తళ్ళ కంపు ఎదురొచ్చి పలకరిస్తుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల సువాసనల వ్యాపారం పెడతానంటే నవ్వరా మరి? ముత్యాలు కూడా వాళ్ళతో కలిసి నవ్వింది గాని పని మానలేదు. మొండిఘటం.

ముప్పై ఏళ్ళ మనిషి. బరంపురంలో ఒక బట్టల కొట్లో ఆరేళ్ళు చీరలు మడతలు పెట్టింది. అక్కడ తోటి అమ్మాయిలు ఆమె పక్కన కూర్చుని క్యారేజీ విప్పేవారు కాదు. చేపల వాసనట. ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, తల్లి గురువమ్మకి కూడా. కొట్టు మూతపడి ఇంటికి వచ్చాక, గోపాల్‌పూర్‌లో ఒక చిన్న హోటల్లో పనిచేసే స్నేహితురాలు దివ్యశ్రీ ఒక దారి చూపించింది. గదుల్లో చేపల కంపని టూరిస్టులు గొణుగుతున్నారట. అగరొత్తులు వెలిగిస్తే పొగకి దగ్గుతున్నారట. కింద చిన్న దీపం, పైన మట్టి గిన్నె, గిన్నెలో వాసన కలిపిన మైనం ముక్క. వేడికి ముక్క కరిగి గదంతా వాసన పరుచుకుంటుంది, పొగ రాదు. అలాంటివి చేసిపెట్టగలవా అని అడిగింది. ముత్యాలు ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, ఓస్ ఇంతేనా అనుకుంది.

దిగితే గాని లోతు తెలియదంటారు కదా. కొవ్వొత్తుల మైనం చవక, గట్టిగా ఉంటుంది, కానీ వాసన వదలదు. సోయా మైనం వాసన బాగా వదులుతుంది, కానీ మన సముద్రపు ఉక్కకి దానికీ చెమటలు పట్టి నూనె కారుతుంది. రెండూ కలిపి చూసింది. సగం సగం, ఆ తర్వాత మూడు వంతులకి ఒక వంతు. నూరు గ్రాముల మైనానికి ఆరు గ్రాముల వాసన నూనె, తర్వాత ఎనిమిది, తర్వాత పది. ప్రతి ముక్క అడుగునా సూదితో నంబరు గీసి నోటు పుస్తకంలో రాసుకునేది. కర్పూరం, నిమ్మగడ్డి, మల్లె, అన్నీ అయ్యాక మొగలి దగ్గర ఆగింది. ఈ గంజాం జిల్లాలో పుట్టినవాళ్ళకి మొగలి వాసన గురించి చెప్పాలా? అసలైన మొగలి అత్తరు కొనాలంటే ఇల్లమ్ముకోవాలి గనుక, బరంపురం కొట్లో దొరికే సీసా నూనె తెచ్చుకుంది.

ప్యాకింగు దగ్గర ఇంకో తంటా. ప్లాస్టిక్ డబ్బాలు ఆ నూనెకి మెత్తబడి వంకర్లు పోయాయి. ఆఖరికి మిఠాయి కొట్లవాళ్ళు వాడే తెల్ల అట్టపెట్టెలే నయమని తేలింది. లోపల బటర్ పేపరు, ముక్కముక్కకీ బుల్లి కాగితపు గిన్నె. పైన అంటించాల్సిన లేబుళ్ళు ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయి. పోయడానికి వేరే అచ్చులు లేక, ఇంట్లో ఉన్న సందేశ్ మిఠాయి అచ్చులోనే పోసేసింది. తెల్లగా, శంఖాల్లా, మొగలి వాసనతో పన్నెండు ముక్కలు. ఇదిగో, ఇక్కడే తప్పటడుగు వేసింది పిల్ల. మొగలి నీళ్ళు చల్లని మిఠాయి ఈ జిల్లాలో ఎక్కడైనా దొరుకుతుందా?

రోజంతా ఆ వాసనలోనే కూర్చుంటే ముక్కు మొద్దుబారుతుంది. అందుకని పరీక్షకి తండ్రి పైడన్నని కూర్చోబెట్టేది. పైడన్న అసిరయ్య పడవలో కలాసీ, వల లాగేవాళ్ళందరిలోకీ పెద్దవాడు. వేట నుంచి వచ్చి, స్నానం చేసి, కళ్ళు మూసుకుని ముక్కని వాసన చూసి, "గుప్పుమంతంది అమ్మా, బాగున్నాది," అనేవాడు. ఎప్పుడూ ఆ మాటే.

ఆర్నెల్ల కిందట ఒక రోజు నూనె కలపని వట్టి మైనం ముక్క పొరపాటున ఆయన చేతికి వెళ్ళింది. పైడన్న కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి తీసి, "మొగిలి. బాగున్నాది," అన్నాడు. ముత్యాలుకి అనుమానం వచ్చింది. కావాలనే కర్పూరం ముక్క ఇచ్చింది. అదీ మొగలే అన్నాడు. మర్నాడు చేపల పులుసులో గుప్పెడు ఉప్పు ఎక్కువ వేసింది. గురువమ్మ ఒక్క ముద్ద తిని కంచం తోసేస్తే, పైడన్న రెండోసారి పులుసు పోయించుకున్నాడు. కరోనా జ్వరం వచ్చి తగ్గిన నాటి నుంచీ ఆ మనిషి వాసనా రుచీ లేకుండానే అన్నం తింటున్నాడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ముత్యాలుకి తెలుసు. నడిసముద్రంలో డీజిల్ కారితే ముందు పట్టేది ముక్కే. వైరు కాలితే పట్టేదీ ముక్కే. చూపు తగ్గిందని తెలిసి కిందటేడు ఒక కలాసీని అసిరయ్య ఒడ్డున కూర్చోబెట్టేశాడు. ఆ మనిషి ఇప్పుడు ఎవరింటి అరుగు మీద పడితే వాళ్ళ అరుగు మీద కూర్చుని బీడీలు అడుక్కుంటాడు. అందుకే ముత్యాలు నోరు కుట్టేసుకుంది. ఆ రోజు నుంచీ పడవ వెళ్ళిన ప్రతిసారీ అది తిరిగొచ్చేదాకా ఆమె గుండె గుండెలో ఉండేది కాదు. వాసన ముక్కలు మాత్రం ఎప్పటిలాగే తండ్రి చేతికి ఇస్తూనే ఉంది.

అసిరయ్య పడవకి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త వల వేసే రోజున ఎవరో ఒక కలాసీ ఇంటి నుంచి మిఠాయి వెళ్ళాలి. వల నీళ్ళలో దిగగానే మొదటి ముక్క గంగమ్మకి. తర్వాత తలా ఒకటి. మిగిలినవి ఒడ్డుకి తిరిగి రాకూడదు, సముద్రంలో పారెయ్యకూడదు. పడవలో పెద్దవాడు తినెయ్యాలి. ఈసారి వంతు పైడన్నది. గురువమ్మ ముందు రోజే బరంపురం నుంచి పన్నెండు సందేశ్‌లు తెప్పించి అలమరలో, ముత్యాలు పెట్టె పక్కనే పెట్టింది.

పడవ వెళ్ళిన పొద్దున్న, ఏడయ్యేసరికి ముత్యాలు తన పరీక్ష ముక్కలకి నూనె చెమట పట్టిందో లేదో చూద్దామని అలమరలోని అట్టపెట్టె తీసింది. మూత తెరవగానే మొగలి వాసన కొట్టింది. వేలితో నొక్కితే ముక్క పొడిపొడిగా రాలింది. మైనం రాలదు. పెట్టె పక్కనా వెనకా వెతికింది. ఇంకో పెట్టె లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా, నాన్న ఏ డబ్బా అట్టుకెల్లాడు?"

"అలమర్లో ఉన్నాది తీసుకో అన్నాను. ఏటే, అలాగ నిలబడిపోనావు?"

విషయం విని గురువమ్మ నుదురు కొట్టుకుంది గాని భయపడలేదు. "నోట్లో ఎడితే తెలీదేటి? ఊసేత్తారు. ఒచ్చినాక నాలుగు తిట్లు తింతాం, అంతే కదా," అంది.

తెలియని మనిషి ఒకడున్నాడని ముత్యాలు అనలేకపోయింది. తండ్రికి ఫోన్ చేసింది. అందడం లేదని ఒడియాలో ఒక గొంతు, ఇంగ్లీషులో ఒక గొంతు చెప్పాయి. నూనె అమ్మిన కొట్టుకి చేసింది. తింటే ఏమవుతుందని అడిగితే, ఎవరు తింటారమ్మా అని ఆయన ముందు నవ్వాడు. తర్వాత గొంతు మార్చి సీసా వెనక చదవమన్నాడు. చీమ తలకాయలంత అక్షరాలు. మింగితే ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, వాంతి చేయించకూడదు. తండ్రి చేతిలో ఉన్నది నూటికి పది గ్రాములు కలిపిన ముక్కలు. ఆమె చేసినవాటిలో అన్నిటికన్నా ఘాటైనవి. కూడికలు అక్కర్లేకుండానే అర్థమైంది. గంగమ్మకి ఒకటి, పడవలో అయిదుగురికి అయిదు. మిగిలిన ఆరూ నాన్నకే.

సీసా పట్టుకుని ఒడ్డుకి పరిగెత్తింది. అసిరయ్య తన రెండో పడవ నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"పెదనాన్నా, నాన్నోల్ల కాడికి ఈ పడవ పంపాల. మిఠాయి డబ్బా మారిపోనాది. ఆల్లు అట్టుకెల్లింది మైనం. అందులో మందుంది."

అసిరయ్య నవ్వాడు. "మైనమా? గంగమ్మకి దండం ఎట్టి, సల్లగా పక్కకి తిరిగి ఊసేత్తారు. దానికోసం ఇంత డీజిల్ తగలెయ్యమంతావా?"

"కాదు పెదనాన్నా, ఎల్లాల."

"ఎందుకెల్లాలో సెప్పు మరి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నాన్నకి ఇక సముద్రం లేదు. ముప్పై అయిదేళ్ళు పడవ ఎక్కిన మనిషిని తన నోటి మాటతో ఒడ్డుకి ఈడ్చినట్టే. చెప్పకపోతే ఈపాటికి వల దిగుతుంటుంది. ఏమో, నాన్న ఒక్కటి తిని ఆగుతాడేమో. ఎవరైనా ఆపుతారేమో. నోటికి తేడాగా తగిలినా ఆయన దాన్నీ బాగుందనే అంటాడు కదా, ఎవరు ఆపుతారు? ముత్యాలు ఇసకలో కూలబడింది. పొద్దు మొగలి పొదల మీదికి ఎక్కి వచ్చింది. అసిరయ్య చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నకి తెలీదు," అంది చివరికి. "వాసన తెలీదు. రుసి తెలీదు. కరోనా జొరం ఒచ్చిన కాడినుంచి ఏదీ తెలీదు. మిగిలినయ్యన్నీ నాన్నే తినేత్తాడు పెదనాన్నా."

అసిరయ్య బీడీ ఇసకలో గుచ్చాడు. "ఇన్నేల్లూ నా పడవలో," అని ఏదో అనబోయి ఆగిపోయాడు. లేచి, ఇంజను దగ్గర ఉన్నవాళ్ళని గట్టిగా కేకేశాడు. పది నిమిషాల్లో రెండో పడవ బాహుదా ఏటి నీళ్ళు దాటి సముద్రంలో పడింది.

తర్వాత ఆమెకి మిగిలింది ఎదురుచూడడమే. అది ఎంత భయమో ఒడ్డున కూర్చున్నవాళ్ళకే తెలియాలి. తుపానుకి భయపడితే అందరూ కలిసి భయపడతారు. ఇది ఒక్కర్తి భయం. తన చేత్తో కరిగించి, కొలిచి, అచ్చులో పోసి, గిన్నెల్లో పెట్టిన ముక్కలు. గురువమ్మ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ముత్యాలు తల్లికి అప్పుడు చెప్పింది, అంతా. "అదే మరి, ఉప్పెక్కువైన పులుసు రెండోపాలి ఏయించుకున్నాడు," అని గురువమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సముద్రం మీద ఏ చుక్క కనబడినా ముత్యాలు లేచి నిలబడేది. దగ్గరికొస్తే వేరే ఊరి పడవయ్యేది.

పదకొండు దాటాక వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. పైడన్నని ఇద్దరు భుజాలు పట్టుకుని దించారు. మెలికలు తిరిగిపోతున్నాడు, ఒళ్ళంతా చెమట. సాయిరామ్ అనే కుర్ర కలాసీ ఏడుపు మొహంతో చెప్పాడు. "మేమందరం బుగ్గన ఎట్టుకుని ఎనక్కి ఊసేసినాం అక్కా. మావ మాత్తరం నములుతున్నాడు. ఆడపిల్ల సేసిన మిఠాయేమో, బాగా నేదంతే బాగోదని మేం ఊరుకున్నాం. ఈల్లొచ్చేసరికి నాలుగు తినేసినాడు. అయిదోది సేతిలో ఉన్నాది."

ఆటోలో బరంపురం దాకా తండ్రి తల ఆమె ఒళ్ళోనే ఉంది. వాంతి చేయించకూడదని సీసా మీద ఉంది, కానీ ఆయన వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు. ఆపడం ఎలాగో ఆమెకి తెలియదు. ప్రతి ఊపిరికీ ఆయన నోట్లోంచి మొగలి వాసన వస్తోంది. కరగకపోయినా గది నిండేంత వాసన రావాలని ఎన్ని నెలలు కష్టపడిందో, ఇవాళ అది అలాగే వస్తోంది. "నిద్దరోకు నాన్నా, నాతో మాటాడు," అంటూనే ఉంది. పైడన్న కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో డాక్టరు సీసా తీసుకుని చదివాడు. వాంతిలో నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే కష్టమన్నాడు, రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు. ఆ రేపు రావడానికి ఎంత సమయం పట్టిందో ముత్యాలునే అడగాలి. దివ్యశ్రీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. కనబడిన ప్రతి దేవుడికీ మొక్కింది, మసీదు పక్కనుంచి వెళ్తూ అక్కడ కూడా చెయ్యెత్తింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఎక్స్‌రే ఫోటోలు తీసి, ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయని చెప్పారు. సాయంత్రం అసిరయ్య అరడజను అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. "వల కాడ కూకుని కన్నాలు కట్టుకుందువు గాని పైడన్నా," అని, పైడన్న మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థం ఏమిటో ఆ వార్డులో ముగ్గురికి తెలుసు. గురువమ్మ పళ్ళు కడిగే నెపంతో బయటికి నడిచింది.

పైడన్న పైకప్పు ఫ్యాను చూస్తూ పడుకున్నాడు. అక్కణ్ణించి చూపు తిప్పకుండానే అడిగాడు. "అసిరయ్యకి నువ్వే సెప్పినావా?"

"నానే సెప్పినాను."

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఆర్నెల్లయినాది నాన్నా."

పైడన్న లెక్క వేసుకున్నట్టున్నాడు. మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "ఆర్నెల్లా? మరి మొన్నటిదాకా నా సేతికి ముక్కలిచ్చినావు కదే. ఏది బాగున్నాదో సెప్పమన్నావు కదే. తెలిసీ ఎందుకడిగినావు?"

ముత్యాలు దుప్పటి అంచు సర్దింది. "నువ్వు బాగున్నాదంతే నాకు దైర్నంగా ఉండీది."

పైడన్న చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అన్నీ అబద్దాలే సెప్పినానే అమ్మా," అన్నాడు.

"తెలుసు నాన్నా," అంది ముత్యాలు.