కిశోర్ తగిలించిన ట్యాగ్

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళను ఏడిపించేదాన్ని కూడా. భిలాయ్‌లో మేముండే రిసాలి కాలనీలో, మా వీధి చివర ఖాళీ క్వార్టర్‌లో ఎవరో తిరుగుతున్నారని పక్కింటి ఆంటీ చెబితే, అద్దె కట్టకుండా ఉండేవాళ్ళను దయ్యాలనరు ఆంటీ, చుట్టాలంటారు అని నవ్వేదాన్ని.

ఇది జరిగింది పట్టపగలు, మా ముందుగదిలో. నాన్న నా పక్కనే ఉన్నారు. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. సొంతూరు విజయనగరం వైపు. నేనూ, తమ్ముడు కిశోర్ భిలాయ్‌లోనే పుట్టాం. వాడు నన్ను ఒక్కనాడూ అక్కా అనలేదు, దీదీ అనే పిలిచేవాడు. అమ్మ పోయాక ఇంట్లో ముగ్గురమే. వాడూ నేనూ ఒకే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళం.

కంపెనీ కోసం కిశోర్ ఒక టూల్ తయారుచేశాడు. ఇప్పుడు ప్రోగ్రాములు చాలావరకు ఏఐ ఏజెంట్లే రాస్తున్నాయి. వాటితో ఒక చిక్కుంది. ఎప్పుడో నేర్చుకున్న పాత సంగతులతో, తెలియకపోయినా తెలిసినట్టే రాసేస్తాయి. వాడి టూల్ లైబ్రరీల, అంటే ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్‌ల, రిఫరెన్స్ డాక్యుమెంట్లను తెచ్చి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేస్తుంది. ఏజెంట్ ముందు అవి చదివి, తర్వాతే రాస్తుంది. ఇదంతా విని నాన్న, ఏజెంటంటే ఇన్సూరెన్సు ఏజెంటేనా అని అడిగారు. అతనికన్నా నయం, ఇది చదివాకే మాట్లాడుతుంది అన్నాడు కిశోర్.

ఆ టూల్‌లో వాడు ప్లాంట్ పద్ధతి ఒకటి పెట్టాడు. ప్లాంట్‌లో రిపేరుకు మెషిన్ లోపలికి వెళ్ళే మనిషి ముందు కరెంటు ఆపి, స్విచ్‌కి తన పేరున్న ట్యాగ్ తగిలిస్తాడు. ట్యాగ్ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. అతనే బయటికొచ్చి తీయాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. భోజనాల దగ్గర నాన్న చెప్పే ఈ కబుర్లు వింటూనే పెరిగాం. కిశోర్ కూడా ఏవైనా డాక్యుమెంట్లు సరిచేస్తున్నప్పుడు వాటికి తన పేరుతో ట్యాగ్ పెట్టేవాడు. అది ఉన్నంతసేపూ వాటిని ఇంకెవరూ మార్చలేరు, తీయాలంటే వాడి పాస్‌వర్డ్ కావాలి. తీసినప్పుడు తెరమీద హిందీలో "ఆద్మీ బాహర్" అని వచ్చేది. మనిషి బయటికొచ్చాడని ప్లాంట్‌లో అలాగే కేకేసి చెబుతారట.

ఒక లైబ్రరీ డాక్యుమెంట్లకు ట్యాగ్ పెట్టి, పని సగంలో ఉండగా వాడికి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి బయలుదేరుతూ, "దీదీ, ట్యాగ్ ముట్టుకోకు. వచ్చి నేనే తీస్తా" అన్నాడు.

రాలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్న టీ తాగి నాన్న ఒకటే అడిగేవారు. "ట్యాగ్ ఉందేటమ్మా?" ఉంది నాన్నా అనేదాన్ని. ఆ మాటతో ఆయన మొహం కాస్త తేటపడేది. ఆయనకు మతి చెడలేదు. కొడుకు చితికి నిప్పు పెట్టింది ఆయనే. అయినా ఆ మాట ఆయనకు కావాలి. నిజం చెప్పాలంటే నాకూ కావాలి.

కానీ ఈలోగా ఆ లైబ్రరీ మారిపోయింది. మా ఏజెంట్లు వాడు సగంలో వదిలిన డాక్యుమెంట్లనే చదివి తప్పుల మీద తప్పులు రాస్తున్నాయి. పాస్‌వర్డ్ లేకుండానే ట్యాగ్‌ను తెంపే అధికారం కంపెనీ నాకిచ్చింది. మేనేజరు చాలా రోజులు ఓపిక పట్టి, ఇక తప్పదన్నారు. ఆయన్ని తప్పుపట్టను.

నాన్నకు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "అలా తెంపీకూడదమ్మా. ముందు పేరెట్టి పిలవాల. పలక్కపోతేనే తెంపాల" అన్నారు. లోపల ఎవరైనా ఉండిపోయారేమోనని ప్లాంట్‌లో అలాగే చేస్తారట.

ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి నా ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డారు. తెరమీద ట్యాగ్ ఉంది, ఇద్దరం చూశాం. "కిశోరూ, పనైపోతే వచ్చీరా నాన్నా" అని పిలిచారు. మెషిన్ల హోరులో వినపడేలా పిలిచే గొంతు అది, మా చిన్న గదికి చాలా ఎక్కువైంది. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, తెంపే కమాండ్ టైప్ చేసి ఎంటర్ నొక్కాను.

తెంపడానికి ట్యాగ్ ఏదీ లేదని వచ్చింది. కింద కిశోర్ పేరు, దాని కింద "ఆద్మీ బాహర్".

డాక్యుమెంట్లు తెరిచాను. వాడు వదిలేసిన సగం పూర్తయి ఉంది. వాడు పోయాక ఆ లైబ్రరీలో వచ్చిన మార్పులు కూడా అందులో ఉన్నాయి.

వాడి ల్యాప్‌టాప్ బీరువాలో అమ్మ చీరల కింద ఉంది. తీసి చూస్తే బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది. పాస్‌వర్డ్ వాడు నాకు కూడా చెప్పలేదు. కంపెనీవాళ్ళు సర్వర్ రికార్డులన్నీ గాలించారు. ట్యాగ్ తీసింది కిశోరేనని తప్ప వాటిలో ఇంకేమీ లేదు. ఏజెంటే ఏదో చేసుంటుందని ఒకరన్నారు. నేనూ అలా సర్దిచెప్పుకోవాలని చూశాను. కానీ ఆ సమయంలో ఏ ఏజెంటూ నడవడం లేదు.

నాన్న ఏ ఆధారమూ అడగలేదు. తెరమీది హిందీ అక్షరాలను వేలితో తడిమి, "వచ్చీసాడు" అన్నారు. ఆసుపత్రిలో కూడా ఏడవని మనిషి, అప్పుడు కుర్చీలో కూలబడి ఏడ్చారు.

ఎలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. దయ్యమనలేను, వాణ్ణి ఆ మాట అనడం నాకిష్టం లేదు. నాన్న ఇప్పుడు పొద్దున్న టీ తాగి ఏమీ అడగరు. నేనే, ఆయన చూడనప్పుడు, ఆ పేజీ తెరుస్తుంటాను. ట్యాగ్ మళ్ళీ ఉందేమోనని.