పెన్‌పహాడ్ బీడులో ఇంగ్రిడ్ కొత్త గొంతు

2012 ఫిబ్రవరిలో మా హైదరాబాద్ రాక్ బ్యాండ్ రికార్డింగ్‌కు పది రోజులే మిగిలాయి. నేను రాసిన పాట పాడాల్సిన ఇంగ్రిడ్ మాత్రం సూర్యాపేట దగ్గర పెన్‌పహాడ్‌లో ఉంది. నార్వేలో సొంత బ్యాండ్ వదిలేసి వచ్చిన ఆమె, ఆర్నెల్లుగా సైదులు అనే గొర్రెల కాపరి ఇంట్లో కిరాయికి ఉంటూ, మాటల్లేని పాటలు కడుతోంది. ఫోన్ చేస్తే "నువ్వే వచ్చి విను" అంది. ఎలాగైనా తీసుకొస్తానని మావాళ్లకు మాటిచ్చి బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో విజయవాడ బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా సూర్యాపేట. టికెట్ వందకు కాస్త అటూఇటూ. అక్కడ ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు, ముప్పావుగంట దారి. డ్రైవర్‌ది కోదాడ. "పాటల మేడం దగ్గరికాండీ? అయితే ఊళ్లో దిగొద్దు. మంద ఎక్కడుంటే ఆవిడ అక్కడే" అంటూ బీడు పక్కన దింపాడు.

సైదులు తాతకు మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తున్నాడు. వెనకే కర్ర పట్టుకుని ఇంగ్రిడ్. నేను రికార్డింగ్ మాటెత్తగానే తల అడ్డంగా ఊపింది. "ఈ గొర్రెలు నా గొంతు వినేదాకా ఎక్కడికీ రాను."

మూడు గంటలప్పుడు మంద చీలింది. పాతిక గొర్రెలు ఎవరిదో వరిపొలం వైపు పరుగందుకున్నాయి. తాత పరుగెత్తలేడు. ఇంగ్రిడ్ గొంతెత్తి తీయగా రాగం తీసింది. ఒక్క గొర్రె కూడా ఆగలేదు.

"పాట పాడకు బిడ్డా, పిలువు!" తాత అరిచాడు. "జర గట్టిగ! గవి వరిల పడ్తయి, సూడు!"

ఆమె కర్ర పారేసి, కడుపులోంచి గరగరలాడే కేక వేసింది. ముందున్న గొర్రె ఆగింది. మరో కేకకు వెనక్కి తిరిగింది. మిగతావి దాని వెంటే. అప్పటికి పొలం గట్టు బారెడు దూరంలో ఉంది.

"ఇగ నీకు ఫికర్ లేదు. నా మంద నీ మాటింటది" అన్నాడు తాత. ఇంగ్రిడ్ కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. "ఇక రికార్డింగ్ రోజుకు వస్తాను. కానీ నీ చరణాలు పాడను."

సాయంత్రం ఆటోలో మిర్యాలగూడ చేరి రైలెక్కాను. సికింద్రాబాద్ దాకా కోపం తగ్గలేదు.

అన్నట్టే పదో రోజు స్టూడియోకి వచ్చింది. ఆ కేకనే నాలుగు రకాలుగా మలిచి పాడింది. మా డ్రమ్మర్ వాయించడం ఆపేసి విన్నాడు. చరణాలు నేనే కొట్టేశాను. పదేళ్లుగా పాటలు రాస్తున్నవాణ్ణి, ఆ గొంతుకు నా మాటలు అడ్డమని తెలుసుకోవడానికి ఒక్కసారి వినడమే సరిపోయింది. ఇప్పటికీ మా బ్యాండ్ చేసినవాటిలో నేను గర్వంగా వినిపించే పాట అదే.

మీరూ మంద వెంట తిరగాలనుకుంటే చెప్పులతో వెళ్లకండి, బూట్లు వేసుకోండి. ఆ బీళ్ల నిండా పల్లేరుకాయలే.