ఖాళీగా ఉండాల్సిన ఝ

మొదటే చెప్పేస్తాను, దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మహారాష్ట్రలో రాజురా దగ్గర మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని దిష్టి తీసేవాళ్లు. నేను మాత్రం గోలీ మింగి ముసుగుతన్ని పడుకునేదాన్ని. చంద్రపూర్‌లో మేం ఉన్న అద్దె గదిలో అంతకుముందు ఎవరో ఉరేసుకున్నారని పక్కింటివాళ్లు చెప్తే, అందుకేనా ఇంత తొందరగా గది దొరికింది అని నవ్వాను.

నేను చెప్పబోయేది కూడా చీకట్లో జరిగింది కాదు. మే నెల మధ్యాహ్నం, రెండున్నర దాటింది. షాపులో నాతో పాటు ఇంకో ఇద్దరున్నారు. ఆ రోజు ప్రింటరులోంచి వచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అన్నీ ఒక్కసారిగా మారిపోతున్న రోజులవి. సందుకో ఎస్‌టీడీ బూత్, ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చేశాయి. బబన్ భావూ అనే మరాఠీ ఆయన తన పాత ప్రెస్సు మూసేసి, అదే గదిలో ఒక కంప్యూటరూ ఒక ప్రింటరూ పెట్టి డీటీపీ షాపు తెరిచాడు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు టైపు చేసి పెద్ద సైజులో ప్రింటు తీసి ఇచ్చేవాళ్లం. అచ్చు ఇంకోచోట వేసేవాళ్లు. నేను అక్కడ ఆపరేటర్ని.

పాత ప్రెస్సు నుంచి మిగిలిన మనిషి ఒక్కడే, రాజలింగం కాకా. వరసకు ఏమీ కాడు, అందరికీ కాకానే. జీవితమంతా సీసం అక్షరాలు పేర్చినవాడు. పని మరాఠీలో చేసినా ఆయన ప్రాణమంతా తెలుగు మీదే. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటాం, బడిలో మరాఠీ చదువుకుంటాం. తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. నాకు వచ్చిందంటే మా అమ్మ పట్టుబట్టి దిద్దించింది కాబట్టే. ప్రెస్సు మూసినప్పుడు కాకా తెలుగు అక్షరాల పెట్టెలు పాత ఇనుము కొట్టుకు పోయాయి. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదట.

కొత్త కంప్యూటర్లో మరాఠీ అక్షరాలున్నాయి, తెలుగువి లేవు. అయితే ఆ టైపింగ్ ప్రోగ్రాంలో అక్షరాలు మనమే గీసుకోవచ్చు. ఒక్కో అక్షరానికి గళ్లకాగితం లాంటి ఒక చదరం ఉంటుంది. గళ్లు ఒక్కొక్కటే నలుపు చేస్తూ పోతే అక్షరం అవుతుంది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారుతుంటే కాకా ఏడాదికి పైగా అదే పని చేశాడు. మౌస్ పట్టుకోవడం నేనే నేర్పాను. మొదట్లో దాన్ని గోడకేసి కొట్టేంత కోపం వచ్చేది ఆయనకు.

ఆయన అక్షరాలకు ఒక గుర్తుంది. వంపు వచ్చి మూసుకునే చోట ఒక్క గడి నింపకుండా చుక్కంత ఖాళీ వదిలేవాడు. మొదటిసారి చూసి, కాకా, ఇక్కడ ఒకటి మర్చిపోయావు అన్నాను. ఆయన నా వైపు తిరిగి కూడా చూడలేదు.

"అక్షరానికి ఊపిరాడాలె బిడ్డా. గింత సందు లేకుంటే సిరా మింగేస్తది."

ఎవరూ అడగని ఙ కూడా చేశాడు. ఝ మాత్రం చేయలేదు. విచిత్రం ఏమిటంటే ఆయన ఒక్కగానొక్క కూతురి పేరు ఝాన్సీ. సీసం పెట్టెలో ఆ అక్షరం వయ్యారం చూసే ఆ పేరు పెట్టుకున్నాడట. ఎన్నోసార్లు గీశాడు, ఎన్నోసార్లు తుడిపేశాడు. వెడల్పు ఎక్కువ, వంపులెక్కువ, ఆ చదరంలో ఇమడదు. నేను వెక్కిరిస్తే, దాని లగ్గం నాటికి చేస్తలే, తొందరేంది అనేవాడు. లగ్గం కుదరకముందే, ఆ చలికాలంలో పచ్చకామెర్లతో పోయాడు.

మే నెలలో ఝాన్సీకి గోండ్‌పిప్రి సంబంధం కుదిరింది. ఊర్జానగర్ దారిలో ఎస్‌టీడీ బూత్‌లో పని చేసేది ఆ పిల్ల. కార్డు నాయిన అక్షరాల్లోనే కావాలంది. మొత్తం టైపు చేశాను. ఆ పిల్ల పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను.

నేనే ఆ అక్షరం గీద్దామని మూడు రోజులు కూర్చున్నాను. నా ఝ తొక్కేసిన బొద్దింకలా వచ్చింది. తుడిపేశాను. పాత పేపర్లో ఝ వెతికి కత్తిరించి అతికించాను. అతుకులబొంతలా ఉంది. భావూకి ఈ గొడవంతా చాదస్తంగా తోచింది. ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. జాన్సీ అని పెట్టెయ్, మీవాళ్లలో చదివేదెవరు, ఎవరు పట్టుకుంటరు అన్నాడు. నిజమే, ఎవరూ పట్టుకోరు. ఆ మాటే ఝాన్సీతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నాకు తెలుగుల చదువవచ్చేది నా పేరొక్కటే అక్కా. నాయిన నేర్పిండు. గదిగూడ తప్పు పెడ్తవా?"

కార్డు మళ్లీ తెరిచి, ఝా చోటు ఖాళీగానే వదిలాను.

సరిగ్గా అప్పుడే కొత్త విండోస్ గొడవ వచ్చిపడింది. ఎదురు షాపువాడు కొత్త సిస్టమ్ వేయించుకుని, గుమ్మం మీద రంగుల బోర్డు పెట్టాడు. మా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా, మీది ఇంకా పాతదేనా అని అడగడం మొదలుపెట్టారు. భావూకి నిద్ర పట్టలేదు. నాగ్‌పూర్ నుంచి ఇంజనీరును పిలిపించాడు.

ఆయన పొద్దున తొమ్మిదింటికి దిగాడు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాలి, మళ్లీ నెల దాకా రాలేనన్నాడు. మిషను చూసి తల ఊపాడు. డిస్కులో చోటు లేదు, మొత్తం తుడిచి కొత్తగా వెయ్యాలన్నాడు. పాత టైపింగ్ ప్రోగ్రాం సంగతేమిటని అడిగాను. ఫ్లాపీల్లో దాచుకోండి, కొత్త దాంట్లో నడిస్తే నడుస్తుంది, లేకపోతే లేదు అన్నాడు. ఆయన తెచ్చిన సీడీలో తెలుగు అక్షరాలున్నాయట. అందులో ఝ కూడా ఉంది.

ఇదీ నా ఇరకాటం. కొత్తది వేయిస్తే ఝ దొరుకుతుంది, కాకా అక్షరాలు పోతాయి. వద్దంటే కాకా అక్షరాలుంటాయి, ఝ ఉండదు. కార్డు మర్నాడు అచ్చుకు వెళ్లాలి. షాపు భావూదే అయినా, మిషను మీద కూర్చునేదానివి నువ్వు, నువ్వు ఊ అంటేనే వేయిస్తాను అని తెలివిగా నా నెత్తిన పెట్టాడు.

నాకు ఒకచోట కూర్చోవడం మామూలుగానే చేతకాదు. ఆ రోజైతే కాలుగాలిన పిల్లి నయం. టీ తాగాను, కప్పు కడిగాను, కడిగిన కప్పే మళ్లీ కడిగాను. వీధిలోకి వెళ్లి ఎదురు షాపు బోర్డు చూసి వచ్చాను. ఫ్లాపీల్లోకి అన్నీ రెండుసార్లు కాపీ చేశాను. ఒకటిన్నరకు కరెంటు పోయింది. రెండు దాటాక వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దీనితో తర్వాత పనుంది.

కరెంటు లేనంతసేపూ ఉక్కపోతలో గుమ్మం దగ్గర నిలబడి ఒకటే ఆలోచించాను. ఆ సీసం పెట్టెలు ఎడ్లబండి మీద పోతుంటే కాకా ఈ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇప్పుడు నేను నిలబడ్డాను. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన అక్షరాలను నా చేతులతో తుడిపించబోతున్నాను. సిగ్గేసింది. అయినా ఇంకెంతకాలం ఆపగలను? ఈ నెల కాకపోతే వచ్చే నెల.

కరెంటు రాగానే ఊ అన్నాను. ఒక్క షరతు పెట్టాను. తుడిచే ముందు ఝాన్సీ కార్డు కాకా అక్షరాల్లో చివరిసారి ప్రింటు తీస్తాను, ఝా చోట ఖాళీ వదిలి తర్వాత పెన్నుతో రాస్తాను అన్నాను. ఇంజనీరు గడియారం చూసుకుని సరేనన్నాడు.

తెర మీద చి.ల.సౌ. తర్వాత ఝా కోసం రెండక్షరాల వెడల్పున ఖాళీ ఉంది, ఆ తర్వాత న్సీ ఉంది. ఖాళీ సరిపోతుందా లేదా అని స్కేలు పెట్టి తెర మీదే కొలిచాను. ప్రింటు కొట్టాను.

మాది సూదులతో కొట్టే ప్రింటరు, ఒక్కో వరస కీచుమంటూ వస్తుంది. ఆ చప్పుడు వినీ వినీ ఏ వరసలో ఎన్ని అక్షరాలున్నాయో చూడకుండానే చెప్పగలను. పెళ్లికూతురు వరస దగ్గర చప్పుడు ఆగాల్సిన చోట ఆగలేదు. కాగితం ఇరుక్కుందేమోనని లేచాను.

కాగితం చింపి చూస్తే ఝాన్సీ అని నిండుగా ఉంది.

ముందు నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఎవరో నాతో ఆటలాడుతున్నారు అనుకున్నాను. తెర వైపు చూశాను. ఖాళీ అలాగే ఉంది. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పెట్టాను. నా బొద్దింక కాదు. పేపర్లో అక్షరమూ కాదు. పక్కనున్న అక్షరాల లావే, వాటి వయ్యారమే. ఝ వంపు మూసుకునే చోట ఒక్క చుక్క ఖాళీగా ఉంది.

అప్పుడు భయం వేసింది. దాచుకోవడం దేనికి?

ఇంజనీరుకు తెరా కాగితమూ పక్కపక్కన చూపించాను. ఆయనకు తెలుగు రాదు గానీ, అక్కడ ఖాళీ, ఇక్కడ అక్షరం ఉన్నట్టు ఆయనకూ కనిపించింది. ప్రింటర్ మెమరీలో పాతదేదో మిగిలి ఉంటుందన్నాడు. మధ్యలో అరగంటకు పైగా కరెంటే లేదు కదా, ప్రింటర్‌కి వేరే బ్యాటరీ ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. భావూ కాగితం అటూ ఇటూ తిప్పి నమస్కారం పెట్టి నా చేతికిచ్చేశాడు.

అదే పేజీ మళ్లీ కొట్టాను. ఖాళీ వచ్చింది. మళ్లీ కొట్టాను, ఖాళీనే. అక్షరాల చదరాలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే తెరిచి చూశాను, కాకా పొరపాటున ఇంకో మీట కింద దాచాడేమోనని. ఎక్కడా లేదు. ఝ చదరంలో ఒక్క గడి కూడా నల్లగా లేదు.

ఇంజనీరు సీడీ పెట్టాడు. నేను అడ్డుచెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా తెలియదు. పొద్దుటి నుంచి కాళ్లలో ఉన్న ఆ తిరుగుడు అప్పటికి ఆగిపోయింది, అంతే తెలుసు. కాకా అక్షరాలున్న ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌లో నడవలేదు. ఫ్లాపీలను కొన్నేళ్ల తర్వాత ఒక పాత మిషను దొరికితే తెరిచాను. అన్ని అక్షరాలూ క్షేమంగా ఉన్నాయి. ఝ చదరం ఖాళీ.

నాకు నేను చెప్పుకోని కారణం లేదు. నేను గీసి తుడిపేసిన ఝ ఏదో మూల మిగిలి ఉంటుందనుకున్నాను. కానీ నాది వంపులన్నీ పూడుకుపోయిన అక్షరం, ఇందులో వంపులు విప్పారి ఉన్నాయి. నిద్రమత్తులో నేనే సరిగ్గా గీశానేమో అనుకున్నాను. నాకంత పనితనం ఉంటే మూడు రోజులు ఏడ్చేదాన్నా? ఇప్పటికీ కంప్యూటరు కొత్త సిస్టమ్ వెయ్యమంటావా, తర్వాతా అని అడిగినప్పుడల్లా, వేసే ముందు ఒక పేజీలో కొంచెం ఖాళీ వదిలి ప్రింటు తీస్తాను. నమ్మకం లేని మనిషి చేసే పనేనా ఇది? ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది.

ఆ రోజు సంగతి ఒక్కటి మిగిలింది. ఐదు గంటలకు ఝాన్సీ బూత్ నుంచి నేరుగా వచ్చింది. కాగితం చేతికిచ్చాను. మిగతా వరసలేవీ చదవడం రాదు కదా, వేలితో తన పేరు వెతుక్కుంది. దొరికాక ఆ వేలు అక్కడే ఆగింది. వేలి కొసతో ఆ చిన్న సందును తడిమింది.

"నాయిన చేసిపెట్టి పోయిండా అక్కా? నాకెందుకు చెప్పలే నువ్వు?"

అవును, చేసిపెట్టే పోయిండు అన్నాను. కార్డు అచ్చయింది, పెళ్లయింది, ఝాన్సీకి పిల్లలు పుట్టారు, వాళ్లకూ ఆ కార్డు చూపించి తాత చేసిన అక్షరమని చెప్తుంది. నేను ఇన్నేళ్లలో ఆమెకు ఇంకో మాట చెప్పలేదు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమో కాదో నాకే తెలియదు.