వరహాలు పేరులో మొదటి అక్షరం

పన్నెండేళ్లుగా ఒక అక్షరాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం. దాన్ని నేను తప్పు రాయలేదు. సరిగ్గానే రాశాను. నా నేరం అదే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఇక్కడ ఖరగ్‌పూర్‌లో తెలిసినవాళ్లకు చెబితే సాయంత్రానికల్లా కుళాయి దగ్గరికి చేరుతుంది. అక్కడ నా గురించి ఒకసారి నవ్వారు. రెండోసారి నవ్వనివ్వను.

నేను రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తాని. అర్జీలు రాసే మనిషిని. క్వార్టరు పైకప్పు కారితే రాశాను. పక్క క్వార్టర్ల లైనుకు ముందు సున్నం వేసి మా లైనుకు తర్వాత వేస్తే రాశాను. ప్రతిదానికీ మూడు కాపీలు. ఒకటి మా ఆఫీసుకు, ఒకటి డివిజను ఆఫీసుకు, ఒకటి నా ట్రంకు పెట్టెలోకి. లైనులో నన్ను అర్జీబాబు అనేవారు. అన్నవాళ్లందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. ఇక్కడి ఇందా పేటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర నన్ను మొదటి పంక్తి నుంచి లేపినవాడి పేరే కాదు, వాడి వేలికున్న ఉంగరం కూడా గుర్తుంది. మరిచిపోవడం నాకు చేతకాదు. చేతనైతే ఈ కాగితం రాయవలసి వచ్చేది కాదు.

ఒక వానాకాలం సైకిలు చక్రం రైలు పట్టా మీద జారి పడ్డాను. కుడి భుజం విరిగింది. కట్టు విప్పాక చెయ్యి ఛాతీ దాటి లేవలేదు. తల దువ్వుకోలేను. బల్ల మీద మోచెయ్యి ఆనించి రాయలేను. రాయలేని నేను ఎవరిని? ఆసుపత్రి డాక్టరు నన్ను వరండా చివరి గదికి పంపాడు. వ్యాయామాలు చేయించే గది అది. లైనులో దాన్ని మాలీసు గది అనేవారు. అక్కడ సహాయకురాలిగా వరహాలు ఉండేది.

వరహాలు మా లైను పిల్లే. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. తల్లి పక్షవాతంతో మూడేళ్లు మంచంలో ఉండి చనిపోయింది. పడిపోయిన చేతినీ కాలినీ ఎలా కదిలించాలో చెప్పేవాళ్లు లేకపోయారన్న బాధ ఆ పిల్లలో ఉండిపోయింది. బీయెస్సీ పాసయ్యాక వచ్చి ఆ గదిలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. మెల్లగా రోగుల పని కూడా నేర్చుకుంది. "డిగ్రీ సదివి మాలీసు సేత్తాదట" అని ఆడవాళ్లు వెక్కిరించేవారు. విని వదిలేసేది. అంత సులువుగా ఎలా వదిలేయగలదో నాకు అంతుపట్టేది కాదు.

గోడకు ఎదురుగా నిలబడాలి. చేతివేళ్లతో గోడ మీద పైకి నడవాలి. నా వేళ్లు ఆగినచోట ఆమె సుద్దముక్కతో గీత గీసి పక్కన తేదీ వేసేది. "ఇంకొక్క ఏలు ఎక్కండి బాబూ" అనేది. నా మోచేతి కింద ఆమె అరచెయ్యి ఉండేది. మోసేది కాదు, నెట్టేది కాదు. ఉండేది, అంతే. రోజూ ఇరవై నిమిషాలు. రోజు మొత్తంలో నేను దేని మీదా ఫిర్యాదు చేయని సమయం ఆ ఇరవై నిమిషాలే. చెయ్యి తొందరగా నయమైపోతుందేమోనని భయం వేసి, కొన్ని రోజులు కావాలనే వేళ్లను ముందే ఆపేవాణ్ని. ఆమెకు తెలిసిపోయేది. "నిన్నటి గీత కాడికైనా రానేదు. దొంగ ఏళ్లు!" అని నవ్వేది.

ఆ నవ్వు నాకోసమే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఆమె ఏం చేసింది? ఏమీ చేయలేదు. అయినా అనుకున్నాను.

ఒక ఉదయం బకెట్టు పట్టుకుని కుళాయికి వెళుతుంటే గోడ అవతల మాటలు వినిపించాయి.

"ఏటే వరహాలూ, అర్జీబాబు నీ సేతికి బాగా అలవాటు పడిపోనాడంట. సేసుకుంటావేటి?"

"ఆయన్నా?" అంది వరహాలు. "కూరలో ఉప్పు తక్కువైతే మూడు కాపీలు తీసి డివిజనాఫీసుకి పంపించెత్తాడే! ఆ కాపరం ఎవలు సేత్తారు?"

అందరూ నవ్వారు. అయిదుగురు. ఒక్కొక్కరి నవ్వూ ఇప్పటికీ విడివిడిగా వినిపిస్తుంది. ఖాళీ బకెట్టుతో వెనక్కి వచ్చేశాను. ఆ మాట అన్యాయమని ఇవాళ కూడా అంటాను. అబద్ధమని మాత్రం అనలేను. ఆ నెలలోనే, చెయ్యి బల్ల మీదికి రాగానే, ఆ కుళాయి సన్నగా వస్తోందని మూడు కాపీలు పంపి ఉన్నాను.

ఇది జరిగిన కొన్ని వారాలకు, ఒక ఆదివారం పొద్దున్న, వరహాలు మా వరండాలోకి వచ్చింది. చేతిలో బొంబాయి నుంచి వచ్చిన దరఖాస్తు ఫారం. డిగ్రీ చదివినవాళ్లకు ఫిజియోథెరపీ నేర్పే కాలేజీ అట. లైనులో దరఖాస్తు అంటే నా దగ్గరికే రావాలి కదా. కుళాయి దగ్గర నేను విన్నానని ఆమెకు తెలియదు. మెట్టు మీద కూర్చుంది.

"మీరు రాత్తే ఎవలూ కాదనరు బాబూ. ఈ ఏడు దాటితే నాకు వయసు దాటిపోద్ది. ఇదొక్కటే దారి."

ఫారం తిప్పి చూశాను. కాగితం ఏదైనా వెనకవైపు చదవడం నాకు అలవాటు. అక్కడ సన్నటి అక్షరాల్లో ఉంది: పేరు స్కూల్ ఫైనల్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి. తేడా ఉంటే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవు.

ఫారంతో పాటు ఆమె తెచ్చిన సర్టిఫికెట్ చూశాను. పేరు 'బి' అక్షరంతో మొదలైంది.

"ఇదేటి, బరహాలు అని ఉంది?"

"బళ్లో పేరు రాసినాయన బెంగాలీ కదా బాబూ. ఆళ్ల నోట 'వ' పలకదు, 'బ' అయిపోద్ది. ఆళ్ల బాసలో బొరాహో అంటే పంది. పదేళ్లు పిల్లలు నా ఎనకాల గుర్రుగుర్రుమని అరిసినారు. కాలేజీలోనూ అదే. సింహాద్రప్పన్న పేరని ఎంత మందికని సెప్పను?" ఒక్క క్షణం ఆగింది. "అక్కడ కొత్తవాళ్లు కదా. అక్కడైనా నా పేరుతో పిలిపించుకుంటాను. 'వ' పెట్టి రాసీండి. ఏటీ అవ్వదు కదా?"

నా కలం కాగితం మీదే ఉంది. ఫారం వెనక్కి తిప్పి చూపిస్తే సరిపోయేది. 'బి' తోనే రాయాలమ్మా, అక్కడికెళ్లాక వాళ్లతో ఎలాగైనా పిలిపించుకో అంటే సరిపోయేది. అరనిమిషం పని.

"ఏటీ అవ్వదు" అన్నాను. "నాను రాత్తన్నాను కదా."

'వి' అక్షరంతో రాశాను. నా దస్తూరీ అంత అందంగా ఎప్పుడూ రాలేదు. ఆమె నేను రాసింది చూడటం లేదు. నా భుజాన్ని చూస్తోంది.

"సూడండి బాబూ, సెయ్యి ఎంత బాగా ఆడతందో! మొదటి గీత నా బుజం కాడుండేది. నాను పోయినాక మానీకండి. రోజూ గోడ ఎక్కండి."

ఆ చేత్తోనే సంతకం పెట్టవలసిన చోటు చూపించాను.

రెండు నెలలకు కార్డు వచ్చింది. రెండే పంక్తులు. పేరు సరిపోలనందున తిరస్కరించడమైనది. వరహాలు దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. "నాదే తప్పు బాబూ. నానే కదా 'వ' పెట్టమన్నాను" అంది. ఆ మాటకు నేను నోరు తెరవలేదు. నా పాపంలో పెద్ద భాగం దాన్నే అనుకుంటాను. మొదటిది ఒక క్షణంలో జరిగిపోయింది. ఈ రెండోదానికి ఆమె నాకు ఎంతో సేపు సమయమిచ్చింది. కార్డు వైపు చూస్తూ నిలబడింది. నేను అర్జీ రాస్తానంటానేమోనని చూసిందా? సున్నానికీ పైకప్పుకీ రాసినవాణ్ని, దీనికి రాయలేదు. రాస్తే ఎవరి మీదో రాయాలి కదా.

ఎందుకు చేశాను? కుళాయి దగ్గర నవ్వినందుకా? ఆ అరచెయ్యి బొంబాయి వెళ్లిపోతుందనా? కోపమే అయితే బాగుండును. కోపానికి నా దగ్గర కారణం ఉంది, సాక్షులున్నారు. కానీ ఆ పొద్దున్న ఆమె "నాను పోయినాక" అనకముందే, బొంబాయి అన్న మాట వినగానే నా మోచేతి కింద చల్లబడింది. అది కోపం కాదు. అది ఏమిటో నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి బదులు ఆమె దారి మూసేశాను. మూశాక ఆమె నాకు దక్కిందా? నా చెయ్యి నయమైందని డాక్టరు ఆ నెలలోనే రాసిచ్చాడు. ఆ గదికి వెళ్లే పని కూడా పోయింది.

మరుసటి ఏడు ఆమె తండ్రి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేశారు. స్టేషనుకు లైనంతా వెళ్లింది. నేను వెళ్లలేదు. వాళ్లు పలాస వైపు వెళ్లారని విన్నాను. ఆ తర్వాత ఏమీ వినలేదు. ఎక్కడైనా ఎవరి చేతినైనా లేపుతోందా? ఎవరైనా ఆమెను సరైన పేరుతో పిలుస్తున్నారా? నాకు తెలియదు.

ఆసుపత్రిలో ఆ గదికి సున్నం వేశారు. సుద్ద గీతలు పోయాయి. అర్జీ రాయాలని కూర్చున్నాను. ఏమని రాయను?

రోజూ పొద్దున్న మా ఇంటి గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో ఎక్కుతాను. చెయ్యి పూర్తిగా లేస్తుంది. నొప్పి లేదు. మోచేతి కింద మాత్రం గాలి తప్ప ఏమీ ఉండదు. ఒక్కోసారి నిన్నటికంటే ముందే ఆగిపోతాను. దొంగ ఏళ్లు అనేవాళ్లు లేరు.

క్షమించమని అడగడం లేదు. క్షమించవలసిన మనిషికి విషయమే తెలియదు. తప్పు తనదేనని అనుకుంటూ ఎక్కడో బతుకుతోంది. దాన్ని సరిదిద్దే ధైర్యం ఇప్పటికీ లేదు. ఉన్నది ఇంతే. జీవితంలో మొదటిసారి నా మీద నేను రాసుకున్న అర్జీ ఇది. కాపీలు తీయలేదు. మీ చేతిలో ఉన్నది ఒక్కటే.

ఏటీ అవ్వదు అన్నాను. అయింది. ఈ మాట అనడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.