గంగాళం అడుగు

మొన్న కామారెడ్డిలో ఒక పెండ్లి విందుకు పోతే, వడ్డించే మనిషి స్టీలు గంటెతో గిన్నె అడుగును కర్రున గీకాడు. పళ్లేలు పట్టుకొని నిలబడ్డ వరుసలో ఎవరూ తల తిప్పలేదు. నేను మాత్రం వరుసలో ఆగిపోయాను. ఈ వయసులో ఆగిపోవడానికి కారణాలు కావలసినన్ని ఉంటాయి కనుక దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆ చప్పుడు నన్ను ఒక్క గుంజు గుంజి, నిజాం కాలంలో, లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బండ్లబాట పక్కన ఉన్న మా ఇంటి వంటసాలలో, తడికట్టెల పొగ, దంచిన అల్లం, నానిన మినప్పప్పు, కొత్తగా అలికిన ఎర్రమన్ను కలిసిన వాసనలో కూర్చోబెట్టింది.

దసరానాడు మా వంశపు ఇండ్లవాళ్లు, పాలివాళ్లందరికీ మా వాకిట్లోనే భోజనం. మా బాపూ, మిగతా మగవాళ్లూ డప్పులతో జమ్మికి పోయి, పొద్దుగూకే వేళకు పెద్దల చేతిలో పెట్టే ఆకు బంగారం పట్టుకొని తిరిగి వచ్చేసరికి మోదుగు విస్తర్లు పరిచి ఉండాలి, అన్నం పొగలు కక్కుతుండాలి, మాంసం మెత్తగా ఉడికి ఉండాలి. ఈ లెక్కంతా మా నాయనమ్మది. ఆమెను మేము అవ్వ అనేవాళ్లం. తినబోయేవాళ్లను వేలు పెట్టి లెక్కించకూడదని ఆమె పట్టింపు. అందుకని చాటలో బియ్యం పోస్తూ మనుషులను కాక వాళ్ల ఆకళ్లను తలచుకునేది. "మీ పెద్దబాపు కూసుంటె లేవడు, గాయినకు ఇంకింత. ఆయన కోడలు సిగ్గుకు తినది, ఇంటికి పోయి ఆకలికి ఏడుస్తది, ఆమెకు గింత" అంటూ మానికతో కొలిచేది. మా ఇంట్లో గంట చూపే గడియారం లేదు, ఉన్నదల్లా గంటె. పొద్దు సంగతి గోడనీడ చెప్పేది: నీడ రోలును తాకితే మాంసం పొయ్యి ఎక్కాలి, రోలు దాటితే అన్నానికి ఎసరు పెట్టాలి.

నేను చెప్పే దసరా తాత పోయాక మాకు మొదటిది. ఆయన ఉన్నప్పటి చివరి దసరాకు, ఆఖరి బంతి ఇంకా తింటుండగానే కూర అడుగంటి, ఇత్తడి గంటె గంగాళాన్ని గీరుకున్న చప్పుడు వాకిలంతా వినబడింది. చలికాలం వెళ్లకముందే తాత పోయాడు. ఏడాదంతా మాకు పండుగలు లేవు, ఆ నడుమ వచ్చిన దసరా కూడా చేయలేదు. తినేవాళ్లు విస్తరి ముందుండగా గంగాళం అడుగు పలికితే ఆ ఇంటి నుంచి ఒక ప్రాణం లేచిపోతుందట! ఈ మాట మా చిన్నమ్మ పాలివాళ్ల ఆడవాళ్లకు గుసగుసగా చెప్పింది. ఆమె గుసగుస పక్క ఊరికి వినబడుతుంది. అప్పటినుంచి నాకు ఒకటే గుబులు. తాత తర్వాత ఇంట్లో ముసలిది అవ్వే. ఈసారి అడుగు పలికితే పోయేది అవ్వే.

పొద్దున్నే ఆమె కొంగు పట్టుకొని అడిగాను: "అవ్వా, కూర అయిపోతె నువ్వు గూడ పోతవా?"

అవ్వ పకపకా నవ్వింది. "గంటె సప్పుడుకు మనుషులు పోతరానె? గట్లయితె మీ చిన్నమ్మ నోటి సప్పుడుకు ఊరే ఖాళీ అయితుండె!"

"నేనేమన్న అత్తా, ఉన్నమాటన్న" అని చిన్నమ్మ రోట్లోని మినప్పప్పు మీద కసి తీర్చుకుంది. ఆనాటి గారెలు అందుకే అంత మెత్తగా వచ్చాయేమో.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి గోడనీడ మాయమైంది. అవ్వ వాకిట్లో నిలబడి రోలు వంకా ఆకాశం వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత వాన దంచికొట్టి కట్టెలు తడిపింది. అమ్మ గొట్టంతో ఊది ఊది కండ్లు ఎర్రజేసుకుంది. మేకపోతు ముదురుది. అవ్వ ముక్కను వేళ్లతో నొక్కి చూసి, మళ్లీ మూత పెట్టింది.

అప్పుడు వాకిట్లో ఎడ్లగంటలు మోగాయి. దోమకొండ మేనత్తా, ఆమె అత్తింటివాళ్లూ ఎల్లారెడ్డిలో చుట్టాలింటికి పండుగకు పోతూ, వాగు పొంగితే మా ఇంటికి మళ్లారు. "ఒదినె, వాగు పోనియ్యలే! ఇగ మీ పొయ్యే మాకు దిక్కు" అంటూ అత్త అమ్మను కావలించుకుంది. బండిలో నుంచి ముందు మామ పొట్ట దిగింది, తర్వాత మామ దిగాడు. వేరే రోజైతే అత్త మెడ పట్టుకొని వేలాడేదాన్ని. ఆరోజు బండి దిగుతున్న ఒక్కొక్కరూ అవ్వను తీసుకుపోవడానికి వచ్చినట్టే కనబడి, గుమ్మం వెనుక దాక్కున్నాను.

"రాండ్రి బిడ్డా, కాళ్లు కడుక్కోండ్రి" అని నవ్వుతూ పిలిచిన అవ్వ, వంటసాలలోకి రాగానే నవ్వును గుమ్మం బయటే వదిలేసింది. "దడి మీది సొరకాయలన్ని తెంపుకరాపో" అని నన్ను తరిమింది. సొరకాయ ముక్కలు మాంసంలో పడ్డాయి. కొట్టం కప్పు కింద నుంచి గుంజిన కందికట్టెకు మంట చిటపటమని లేచింది. అన్నం చాలకపోతే పెట్టడానికి రెండో పొయ్యి మీద జొన్నరవ్వ గట్క కుతకుతలాడింది. అంతలో ఊరి చివర డప్పులు వినబడ్డాయి.

"అవ్వా, ఒస్తున్నరు!"

"రానీ. ముందుగాల బంగారం పెట్టి మొక్కాలె గద. మొక్కుడు అయ్యేదాంక ముక్క ఉడుకుతది."

ముక్క ఉడికింది. కూర వడ్డించే గిన్నెలు నింపడానికి అవ్వే గంగాళం పక్కన కూర్చుంది. చేతిలో ఇత్తడి గంటె లేదు. ఎండిన సొరబుర్రను కోసి చేసిన గంటె ఉంది, రోజూ అంబలి పోసేది.

"పండుగపూట చుట్టాల ముందట గా బుర్రేంది అత్తా?" అంది చిన్నమ్మ.

"నీ బుర్రల లేని రుచి దీంట్ల ఉన్నదే" అంది అవ్వ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. గంగాళాన్ని ఆనుకొని కూర్చొని వింటున్నాను. బంతులు లేస్తున్నాయి, కూర్చుంటున్నాయి. మామ "ఇంకింత" అన్నప్పుడల్లా గంగాళంలోకి మెడ చాచి చూసేదాన్ని. బుర్ర లోపలికి పోతోంది, వస్తోంది, ఎక్కువ ఖాళీగా వస్తోంది. చప్పుడు మాత్రం లేదు. చివరి బంతి చేయి కడిగాక అవ్వ గంగాళాన్ని నా వైపు వంచింది. అడుగు దీపం వెలుతురుకు మెరిసింది. అవ్వ అందులో ఇంత అన్నం వేసి తుడిచి, ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. అంత రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు.

తెల్లవారి అమ్మకు ఒక్క గంటె కనబడలేదు. ఇల్లంతా వెతికి, చివరకు జొన్నలకోసం గుమ్మిలో చేయి పెడితే, ఇంట్లోని ఇత్తడివీ ఇనుపవీ అన్నీ జొన్నల అడుగున పాతిపెట్టి ఉన్నాయి. అవ్వ తలవంచుకొని చాటలో రాళ్లు ఏరుతోంది.

"అవ్వా, నువ్వు గూడ భయపడ్డవా? పోతనని?" అన్నాను.

"నేను పోతె ఏంది బిడ్డా" అంది, తల ఎత్తకుండానే. "మీ బాపు గూడ ఉన్నడు గద ఇంట్ల, ఎవలను తీస్కపోతదో."

ఆ అవ్వ పోయి, ఆమె కొడుకు మా బాపు పోయి ఎంతో కాలమైంది. వాళ్లు పోయిన ఏ ఏడాదీ గంగాళం పలికిన గుర్తు లేదు. ఇప్పుడు దడీ లేదు, దాని మీద సొరతీగా లేదు. గోడనీడ పని కుక్కరు కూతలు చూసుకుంటున్నాయి. తినేవాళ్లను తలకు ఇంతని లెక్కించి, వంటవాళ్లకు ముందే చెప్పేస్తున్నారు. ఆ భయాలు ఉత్తవేనని నాకు ఏనాడో తెలుసు. అయినా మొన్న ఆ స్టీలు గంటె కర్రుమనగానే, పళ్లెం కింద పెట్టి, నా కొడుకు ఎక్కడ కూర్చొని తింటున్నాడో కండ్లతో వెతుక్కున్నాను.