అద్దంలా మెరిసిన పిన్ను

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, దసరాకు నెల ముందు, ఆత్మకూరులో ఒక యంత్రాల మరమ్మతు షెడ్డుకు నన్ను సర్వీస్ ఫోర్మన్‌గా వేశారు. మట్టి తవ్వే ప్రొక్లెయిన్లు మా దగ్గరికి వచ్చేవి. ఫోర్మన్ అంటే చేతికి మసి తక్కువ, మాటకు బరువెక్కువ. నా మాటల బరువులో సగం గాలేనని షెడ్డులో అందరికీ తెలుసు.

ప్రొక్లెయిన్ చేయి మడిచే కీలు దగ్గర మణికట్టంత లావు ఉక్కు పిన్ను, దాని చుట్టూ బుష్ అనే ఉక్కు గొట్టం ఉంటాయి. రెంటి మధ్య గ్రీజు ఆడుతుంది. కొత్త పిన్ను నల్లగా, కాస్త గరుకుగా వస్తుంది. అది ఫాస్ఫేట్ పూత. కంటికి ఆనని దాని సందుల్లో నూనె నిలుస్తుంది.

ఆయుధపూజకు షెడ్డులో సామాను తోమి, కుంకుమ పెట్టి, వరసగా పేర్చడం ఆచారం. ఆ వరసలో కొత్త పిన్ను నలుపు నాకు నచ్చలేదు.

"అన్నా, అది పూత గదా," అన్నాడు ఫిట్టర్ మస్తాన్.

"అమ్మవారికి మసిమొహం చూపిస్తామా?" అని పిన్నును లేత్‌కెక్కించి, ఎమరీ కాగితంతో నేనే రుద్దాను. అద్దమైంది. ఈగ వాలితే జారి నెల్లూరులో పడుతుందని వచ్చినవాళ్లందరికీ చెప్పాను.

మర్నాడు ఆ పిన్నునే ఒక ప్రొక్లెయిన్‌కు బిగించి, యంత్రాన్ని ఉదయగిరి పక్కన కరుణమ్మ టీచరు నిమ్మతోటకు పంపాం. ఆమె కుంట కట్టకు గండి పడింది. వానలకు ముందు అది పూడితేనే ఏడాదంతా చెట్లకు నీళ్లు. మధ్యాహ్నానికి ఫోనొచ్చింది. యంత్రం చేయి గాల్లోనే బిగుసుకుపోయిందట.

మస్తాన్‌తో కలిసి వెళ్లేసరికి కొండ మీద మబ్బు ఆనుకుని ఉంది.

"ఏందబ్బయ్యా, మీ బండి కొంగ మాదిరి నిలబడుండాది! అది అరిచిన అరుపుకి మా కోళ్లు గుడ్లు మానేసినాయి," అంది కరుణమ్మ. కోతల్లో నన్ను మించిన మనిషి.

సుత్తితో కొట్టి పిన్ను బయటికి తీశాం. ఒళ్లంతా గాట్లు. నున్నటి ఉక్కు మీద గ్రీజు ఆగలేదు. బరువు పడగానే పక్కలకు పోయింది, ఉక్కును ఉక్కు కరిచింది. పూత ఉన్న పిన్ను నెల్లూరు నుంచి రావాలి, పండక్కి అంగళ్లు మూసేశారు. మా దగ్గర ఉన్నది కొత్త బుష్, పూత లేని మరో పాత పిన్ను.

నిమ్మచెట్టు కింద కూర్చుని, పెన్సిల్ గ్రైండర్ అనే చిన్న చేతి సానయంత్రంతో ఆ పాత పిన్ను మీద ఆవగింజంత గుంటలు పెట్టాను. అంచులు సానరాయితో సాపు చేసి, ఉక్కు ఒరుసుకోకుండా వాడే మాలిబ్డినం పొడి గుడ్డతో రుద్ది, నూనె పోసి, భూతద్దం పెట్టి చూశాను. గుంటలన్నీ కుంటలయ్యాయి. ఒక్కోదానిలో ఒక ఆకాశం, ఒక మబ్బు. వాటి నడుమ ఉక్కునేల కొండదాకా పరుచుకుని ఉంది. నిమ్మపూల వాసనలో కట్టల వెంబడి నడుస్తూ పోయాను. మస్తాన్ పిలిచి లేపేసరికి నా పాదాలు తడిగా ఉన్నాయి. నమ్మకపోతే మానండి.

పిన్ను బిగించి గ్రీజు కొట్టాం. చేయి చప్పుడు లేకుండా వంగింది. మర్నాటి సాయంత్రానికి గండి పూడింది, ఆ మరుసటి రోజు వాన దిగింది.

గండి పూడిన సాయంత్రమే, మేం వచ్చేసే ముందు కరుణమ్మ అడిగింది, "ఆ పిన్ను పాడు చేసినోడు ఎవరు? మస్తానేనా? మీ ఓనరుకి చెప్తా."

"నేనేనమ్మా."

"వాణ్ని ఎనకేసుకు రాబాక అబ్బయ్యా. రెండు రోజులుగా నీ నోట ఒక్క నిజం ఇన్నానా?"

మరమ్మతు జాబ్ కార్డులో కారణం రాసే గడిలో 'పూత తొలగించినది: ఫోర్మన్' అని రాసి, సంతకం చేసి ఆమె చేతికిచ్చాను. రెండుసార్లు చదువుకుంది. ఓనరు నన్ను మూడు నెలలు స్టోర్సులో కూర్చోబెట్టాడు.

ఉక్కు మీద ఉక్కు జారాలంటే నునుపు చాలదు, నూనె నిలిచే చోటుండాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలియక చేసిన తప్పుకు శిక్షణ ఇవ్వొచ్చు. తెలిసి చేసినదానికి కార్డులో పేరు రాయడమే పద్ధతి.